ఐటీ డిగ్రీ: సరిహద్దు ఊళ్ల పిల్లలు ఏ వైపు చదవాలి, ఏ కోర్సు తీసుకోవాలి

ఆంధ్రా సరిహద్దు పక్కన, ఒడిశాలోని రాయగడ స్టేషన్ రోడ్డులో నాకో చిన్న షాపు ఉంది. జిరాక్సులు, పాస్‌పోర్టు ఫొటోలు, రైలు టికెట్లు, కరెంటు బిల్లులు. ప్లస్ టూ రిజల్ట్స్ వచ్చిన మర్నాటి నుంచి మాత్రం ఇవన్నీ మా తమ్ముడికి వదిలేసి నేను అడ్మిషన్ ఫారాల మీద కూర్చుంటాను. తండ్రి కుర్చీలో కూర్చుంటాడు. పిల్లో పిల్లాడో వెనక నిలబడి స్క్రీన్ చూస్తుంటారు. మొదటి ప్రశ్న ఏటా ఒకటే: "ఐటీ మంచిదా బాబూ, సీఎస్‌ఈ మంచిదా?"

దానికి జవాబు చెప్పకుండా నేను ఎదురు ప్రశ్న వేస్తాను. "పాప తొమ్మిదో తరగతి నుంచి ఎక్కడ చదివింది?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తారు. కానీ మన సరిహద్దు ఊళ్లలో ముందు తేల్చుకోవాల్సింది అదే. కోర్సు సంగతి తర్వాత.

మీరు ఏ వైపు వాళ్లు?

1936 ఏప్రిల్ 1న ఒడిశా విడిపోయేదాకా గంజాం, కొరాపుట్ ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఆ గీత మన ఇళ్ల మధ్య నుంచి పోయింది. పర్లాకిమిడి వాళ్లకి పాతపట్నం పక్క ఊరు. రాయగడ మజ్జిగౌరమ్మ దర్శనానికి ఆదివారం వచ్చే జనంలో సగంమంది పార్వతీపురం, విజయనగరం వైపు నుంచే కనిపిస్తారు. పెళ్లిళ్లు అటూ ఇటూ. అందుకే పిల్ల చదువుకీ "అటైతే ఏంటి, ఇటైతే ఏంటి" అనుకుంటాం. కాలేజీ సీటు దగ్గరికొచ్చేసరికి ఆ మాట చెల్లదు.

ఆంధ్రప్రదేశ్‌లో కన్వీనర్ కోటా సీట్లలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో నింపేవాటిలో, 85 శాతం స్థానికులవి. రాజ్యాంగంలోని 371డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచీ నడుస్తున్న పద్ధతి ఇది. మామూలుగా స్థానికుడు అనిపించుకోవాలంటే ఇంటర్ పూర్తయ్యే ఏడాదితో కలిపి వరసగా నాలుగేళ్లు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. అంటే తొమ్మిది, పది, ఇంటర్ రెండేళ్లు. మన వాళ్లు చేసేదేమిటి? పదో తరగతి దాకా రాయగడలోనో గునుపూర్‌లోనో చదివించి, ఇంటర్‌కి మాత్రం వైజాగ్ హాస్టల్లో వేస్తారు. రెండేళ్లు లక్షలు పోస్తారు. ఈఏపీసెట్‌లో ర్యాంకు కూడా వస్తుంది. తీరా కౌన్సెలింగ్‌లో పిల్లాడు నాన్ లోకల్.

మిగిలిన 15 శాతం ఉంది కదా అంటారు. ఉంది. అదీ తలుపులు తీసి పెట్టింది కాదు. అందులో స్థానికులు కూడా పోటీ పడతారు. బయటి పిల్లాడు అందులోకి రావాలంటే అతడో, తల్లిదండ్రుల్లో ఒకరో ఆ రాష్ట్రంలో పదేళ్లు నివసించినట్టు రుజువు కావాలి, లేదా అక్కడి ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలై ఉండాలి. పెళ్లికి ముందు అమ్మ పాలకొండలోనో బొబ్బిలిలోనో పుట్టి పెరిగి ఉంటే, ఆ తహసీల్దారు ఆఫీసు నుంచి నివాస ధ్రువపత్రం తెచ్చుకోండి. ఈ దారి చాలామందికి తెలీదు. నాన్న వైపు చూసి "మాకేం లేదు" అని వదిలేస్తారు. అమ్మ వైపు చూడరు.

నా సంగతి చెబుతాను. నేను 2006లో ఇంటర్‌కి విజయనగరం వెళ్లాను. మా నాన్న పుట్టిందీ పెరిగిందీ రాయగడ. అమ్మది కొరాపుట్. కౌన్సెలింగ్‌లో సర్టిఫికెట్లు చూసిన పెద్దాయన కళ్లజోడు పైకి నెట్టి "నీకు నాలుగేళ్లు లేవు కదయ్యా" అని ఫైలు వెనక్కి జరిపాడు. ఆ జరిపిన శబ్దం నాకు ఇప్పటికీ గుర్తే. సరే, ఒడిశాలో చూద్దామంటే నివాస పత్రం లేదు. మూడు తరాలుగా ఉన్న ఇల్లే, కానీ కాగితం ఎవరూ తీసుకోలేదు. అది చేతికొచ్చేసరికి గడువు దాటిపోయింది. రెంటికీ చెడ్డ రేవడి అంటారే, అది నేనే. ఒక ఏడాది ఇంట్లో కూర్చుని, మరుసటి ఏడు ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ కంప్యూటర్స్ చేరాను. పేరెందుకు లెండి. ల్యాబ్‌లో పనిచేసేవి మూడు కంప్యూటర్లు, మేం నలభైమందిమి.

ఒడిశా వైపు ఇప్పుడు లెక్క తేలికే. ఇక్కడే ప్లస్ టూ చదివిన పిల్లలకి పెద్దగా ఇబ్బంది లేదు. బయట చదివి వచ్చినవాళ్లు మాత్రం నివాస పత్రం చూపించాలి. బీటెక్‌కి ఇక్కడ విడిగా పరీక్ష రాయక్కర్లేదు, జేఈఈ మెయిన్ ర్యాంకుతోనే ఓజేఈఈ అనే ఒడిశా ప్రభుత్వ కౌన్సెలింగ్ జరుగుతుంది. బీఎస్సీ, బీసీఏ లాంటి ప్లస్ త్రీ కోర్సులకి శామ్స్ అనే ప్రభుత్వ అడ్మిషన్ల పోర్టల్‌లో ఒక్క ఫారం నింపి కాలేజీలు వరసగా పెట్టుకోవడమే.

ఎన్‌ఐటీల సంగతి ఇంకో మెలిక. వాటిలో సగం సీట్లు సొంత రాష్ట్రానివి. సొంత రాష్ట్రం ఏది అనేది పుట్టిన ఊరో రేషన్ కార్డో చెప్పదు, పన్నెండో తరగతి ఏ రాష్ట్రంలో పాసయ్యారో అదే చెబుతుంది. ఇక్కడ ప్లస్ టూ చదివితే రూర్కెలా ఎన్‌ఐటీలో సొంతవాడు. వైజాగ్‌లో ఇంటర్ చదివితే తాడేపల్లిగూడెంలో సొంతవాడు. కాబట్టి వైజాగ్ ఇంటర్ చదివిన మన పిల్లాడు ఎన్‌ఐటీ లెక్కలో ఆంధ్రావాడు, ఈఏపీసెట్ లెక్కలో ఒడియావాడు. నవ్వాలో ఏడవాలో తెలీదు.

కులం సర్టిఫికెట్‌కీ ఇదే తంటా. ఎస్సీ, ఎస్టీ గుర్తింపు ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. దీనిమీద 1990లో సుప్రీంకోర్టు తీర్పు కూడా ఉంది, అదీ మన తెలుగు కుర్రాడి కేసే. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగంతో బొంబాయి వెళ్లిన పిల్లాడు అక్కడ మెడికల్ సీటుకి ఎస్టీ కోటా అడిగితే కుదరదన్నారు. అందుకని ఆంధ్రా అత్తగారింటి నుంచి తెచ్చిన కులపత్రం ఇక్కడ కోటాకి పనికిరాదు. ఇక్కడిది అక్కడా పనికిరాదు. ఫీజు రీయింబర్స్‌మెంటూ, స్కాలర్‌షిప్పూ అంతే, ఏ రాష్ట్రం వాళ్లకి ఆ రాష్ట్రమే ఇస్తుంది. "ఆంధ్రాలో ఫీజు గవర్నమెంటే కడుతుందట కదా" అని వచ్చేవాళ్లకి నేను మొదట చెప్పేది ఇదే. కడుతుంది, మనకి కాదు.

ఇదంతా చూశాక నా సలహా ఏమిటంటే: పదో తరగతి ఒడిశాలో చదివిన పిల్లల్ని ప్లస్ టూ కూడా ఇక్కడే చదివించండి. కోచింగ్ కోసం పంపాలనే పట్టుదల ఉంటే తొమ్మిదిలోనే పంపండి. మధ్యలో పంపడం అన్నిటికన్నా ఖరీదైన పని.

బీటెక్, బీసీఏ, బీఎస్సీ

ఇప్పుడు కోర్సుకి వద్దాం. ఐటీ, సీఎస్‌ఈ అనే గొడవ రెండు ముక్కల్లో తేలిపోతుంది. బీటెక్‌లో ఈ రెండింటి సిలబస్ ముప్పాతిక వంతు ఒకటే: డేటా స్ట్రక్చర్లు, ఆపరేటింగ్ సిస్టమ్, డేటాబేస్, నెట్‌వర్కులు. సీఎస్‌ఈలో కంపైలర్లు, ఆటోమేటా లాంటి థియరీ కాస్త ఎక్కువ. ఐటీలో వెబ్, సెక్యూరిటీ వైపు కాస్త మొగ్గు. ఎంటెక్ కోసం రాసే గేట్ పరీక్షలో రెండింటికీ పేపరు ఒకటే, దాని పేరే కంప్యూటర్ సైన్స్ అండ్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ. క్యాంపస్‌కి వచ్చే కంపెనీ కూడా రెండు బ్రాంచిల్నీ ఒకే వరసలో కూర్చోబెడుతుంది. మంచి కాలేజీలో ఐటీ వస్తే, నాసి కాలేజీలో సీఎస్‌ఈ కోసం దాన్ని వదులుకోకండి. ఇప్పుడు కొత్తగా ఏఐ, డేటా సైన్స్ అని తోకలు తగిలించిన బ్రాంచిలు వచ్చాయి. ఆ సబ్జెక్టులు చెప్పే మాస్టార్లు ఆ కాలేజీలో నిజంగా ఉన్నారా అని అడగండి. బోర్డు మార్చినంత తేలిక కాదు మాస్టార్ని తేవడం.

అసలు ఎంపిక బీటెక్‌కీ, బీసీఏ లేదా బీఎస్సీకీ మధ్య. ఇక్కడ పెద్దవాళ్ల పరువు అడ్డొస్తుంది. "మా వాడు ఇంజనీరింగ్" అనడంలో ఉన్న బరువు "మా వాడు బీసీఏ" అనడంలో లేదు. పేపర్ మిల్లులో పనిచేసే ఒక తండ్రి పోయిన ఏడు నాతో అన్నాడు: "బీసీఏ అంటే మా బావమరిది నవ్వుతాడు." నవ్వనీ అన్నాను. ఫీజు ఆయన కడతాడా ఏంటి?

బీటెక్ ఎప్పుడు తీసుకోవాలో సూటిగా చెబుతాను. జేఈఈ మెయిన్ ర్యాంకుతో ప్రభుత్వ కాలేజీ సీటు వస్తే, కళ్లు మూసుకుని. మనకి దగ్గర్లో బరంపురం పక్కన సీతలపల్లిలో పరలా మహారాజా ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, 2009లో మొదలైన ప్రభుత్వ కాలేజీ. ఇంకాస్త మంచి ర్యాంకైతే భువనేశ్వర్‌లో ట్రిపుల్ ఐటీ, ఓయూటీఆర్, బుర్లాలో వీఎస్‌ఎస్‌యూటీ. వీటిలో సీటొస్తే బ్రాంచి చూసి వెనకాడినా పర్వాలేదు గానీ దూరం చూసి వెనకాడకండి. హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే రాత్రి పడుకుని తెల్లారి భువనేశ్వర్‌లో దిగుతారు.

ప్రైవేటులో మన పక్కనే మూడు పెద్ద పేర్లున్నాయి. గునుపూర్‌లో జీఐఈటీ, 1997లో ఇంజనీరింగ్ కాలేజీగా పుట్టి 2018లో యూనివర్సిటీ అయింది. పర్లాకిమిడి దగ్గర సెంచూరియన్, 2010 నుంచి యూనివర్సిటీ. బరంపురం దగ్గర పాలూరు కొండల పక్కన నిస్ట్. మూడింట్లోనూ మన తెలుగు పిల్లలు ఎక్కువే. హాస్టల్ మెస్సులో పప్పుచారు దొరుకుతుంది, సీనియర్లలో తెలిసినవాళ్లుంటారు. వీటిలో ఏది గొప్పదో నేను చెప్పను. కానీ ఒకే కాలేజీలో ర్యాంకుతో వచ్చినవాడి ఫీజు వేరు, స్కాలర్‌షిప్పు పోను కట్టేది వేరు, నేరుగా చేరినవాడు కట్టేది వేరు. పక్కింటివాడు చెప్పిన అంకె మీద నమ్మకం పెట్టుకోకుండా, మీ పిల్ల ర్యాంకుకి, మార్కులకి నాలుగేళ్ల మొత్తం ఎంతో కాగితం మీద రాయించుకోండి. హాస్టలూ, పరీక్ష ఫీజూ, బస్సూ అన్నీ కలిపి.

ఆ కాగితం వచ్చాక ఒక లెక్క వేయండి. ఉదాహరణకి ఫీజు ఏడాదికి లక్ష, హాస్టల్ ఎనభై వేలు అనుకుందాం. నాలుగేళ్లకి 7,20,000. అందులో ఆరు లక్షలు బ్యాంకు లోను తీసుకుంటే, 11 శాతం వడ్డీకి ఏడేళ్లలో తీర్చాలంటే నెలకి సుమారు 10,270 రూపాయలు. చదివే కాలంలో పేరుకునే వడ్డీ ఇందులో లేదు, అది వేరే. క్యాంపస్‌లో వచ్చే మామూలు సర్వీసు కంపెనీ ఉద్యోగం ఏడాదికి మూడు, మూడున్నర లక్షల దగ్గర మొదలవుతుంది. కోతలు పోను చేతికొచ్చేది పాతిక వేల లోపు. బెంగళూరు అద్దె, తిండి, ఈఎంఐ పోయాక ఇంటికి పంపేది ఏమీ ఉండదు. ఉద్యోగం ఆరు నెలలు ఆలస్యమైతే నాన్న పీఎఫ్ మీద పడుతుంది.

లోను తప్పదనుకుంటే, ఆ కాలేజీ పీఎం విద్యాలక్ష్మి జాబితాలో ఉందో లేదో ముందు చూడండి. 2024 నవంబరులో వచ్చిన పథకం ఇది. జాబితాలో ఉన్న విద్యాసంస్థల్లో చేరితే, ఇంటి ఆదాయం ఎనిమిది లక్షల లోపు ఉన్నవాళ్లకి పది లక్షల దాకా లోనుపై చదివే కాలంలో వడ్డీ రేటులో 3 శాతం రాయితీ. నాలుగున్నర లక్షల లోపు ఆదాయముండి టెక్నికల్ కోర్సు చదివేవాళ్లకి ఆ కాలంలో వడ్డీ మొత్తం మాఫీ. కాలేజీ జాబితాలో లేకపోతే ఆ 3 శాతం రాయితీ రాదు. కౌంటరు దగ్గర కూర్చున్నాయన నోటిమాట కాదు, పోర్టల్‌లో పేరు కనబడాలి.

ఈ లెక్క సరిపోని ఇంటికి నా ఓటు బీసీఏకి, లేదా బీఎస్సీ కంప్యూటర్ సైన్స్‌కి. ఆ తర్వాత ఎంసీఏ, అంటే కంప్యూటర్ అప్లికేషన్లలో పీజీ. దీన్ని ఓడిపోయినవాళ్ల దారి అనుకోవద్దు. 2020 నుంచి ఎంసీఏ మూడేళ్ల నుంచి రెండేళ్లకి తగ్గింది. నేను చేసినప్పుడు మూడేళ్లు, కాబట్టి మొత్తం ఆరేళ్లు పట్టింది. ఇప్పుడు మూడూ రెండూ ఐదు. బీటెక్ కంటే ఒక్క ఏడాది ఎక్కువ, ఖర్చు మాత్రం చాలాచోట్ల సగం కూడా కాదు. పైగా మధ్యలో ఆగి చూసుకునే వీలుంది. మూడేళ్లకే ఉద్యోగం దొరికితే ఎంసీఏ మానుకోవచ్చు. బీటెక్‌లో మూడో ఏడు ఆగితే చేతిలో ఏమీ ఉండదు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఎంసీఏ దారిలో ఎన్‌ఐటీకి రెండో తలుపు ఉంది. నిమ్‌సెట్ అని పరీక్ష. వరంగల్, రాయపూర్, తిరుచ్చి, సూరత్కల్ లాంటి ఎన్‌ఐటీల్లో ఎంసీఏ సీట్లు దాంతోనే. జేఈఈలో దొరకని క్యాంపస్‌లో బీసీఏ పిల్లాడు మూడేళ్ల తర్వాత అడుగుపెట్టొచ్చు. కాకపోతే డిగ్రీలో 60 శాతం ఉండాలి, మ్యాథ్స్ గట్టిగా రావాలి, ఆ పరీక్షలో ఎక్కువ మార్కులు మ్యాథ్స్‌వే. కాబట్టి బీసీఏ చేరిన మొదటి ఏడు నుంచే ప్లస్ టూ మ్యాథ్స్ పుస్తకాలు అటక మీద పడేయకండి.

మ్యాథ్స్ మాట వచ్చింది కాబట్టి, ప్లస్ టూలో ఆర్ట్సో కామర్సో చదివిన పిల్లల్ని కొన్ని కాలేజీలు బీసీఏలో చేర్చుకుంటాయి. చేరొచ్చు. కానీ ఎంసీఏకి చాలాచోట్ల ప్లస్ టూలో గానీ డిగ్రీలో గానీ మ్యాథ్స్ ఉందా అని అడుగుతారు. మీ బీసీఏలో మ్యాథ్స్ పేపరు ఉందో లేదో చేరకముందే సిలబస్ చూసుకోండి.

బీసీఏనా బీఎస్సీనా అంటే, ప్రభుత్వ డిగ్రీ కాలేజీల్లో బీసీఏ తరచూ సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుగా నడుస్తుంది. ఫీజు ఎక్కువ, మాస్టార్లు చాలావరకు గెస్టు లెక్చరర్లు. అదే కాలేజీలో బీఎస్సీ కంప్యూటర్ సైన్స్ ఉంటే ఫీజు బాగా తక్కువ. తర్వాత ఎంఎస్సీకీ ఎంసీఏకీ రెండిటికీ దారి ఉంటుంది. రెండూ ఉన్నచోట నేను బీఎస్సీ ముందు పెట్టిస్తాను, బీసీఏ రెండోది. ఐటీఎం అని ఇంకోటి ఉంది, ఇన్ఫర్మేషన్ టెక్నాలజీతో పాటు మేనేజ్‌మెంట్ కలిపింది. ప్రోగ్రామింగ్ మీద ఇష్టం లేదు, ఆఫీసు సిస్టమ్స్ వైపు వెళ్తానంటే పర్వాలేదు. కోడ్ రాయాలనుకునే పిల్లకి నేను చెప్పను.

2024-25 నుంచి ఒడిశాలో ప్లస్ త్రీకి నాలుగో ఏడు కూడా వచ్చింది. మూడేళ్లకి డిగ్రీ తీసుకుని బయటికి రావొచ్చు, నాలుగో ఏడు చదివితే ఆనర్స్. ఎంసీఏ చేయాలనుకుంటే నాలుగో ఏటి అవసరం లేదు. ఇది తెలియక "నాలుగేళ్లయితే బీటెక్కే చేయొచ్చు కదా" అని వాదించినవాళ్లు ఉన్నారు.

బీసీఏకి ఉన్న అసలు లోటు కూడా చెప్పాలి. కొన్ని ఉద్యోగాల గుమ్మం దగ్గర అది చాలదు. బ్యాంకుల్లో ఐటీ ఆఫీసర్ పోస్టు ఉంది, బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ నోటిఫికేషన్ వేస్తుంది. దానికి కంప్యూటర్ సంబంధమైన నాలుగేళ్ల ఇంజనీరింగ్ డిగ్రీ కావాలి, లేదా అదే సబ్జెక్టులో పీజీ, లేదా డిగ్రీతో పాటు కేంద్ర ప్రభుత్వ సంస్థ నీలిట్ ఇచ్చే బీ లెవెల్ సర్టిఫికెట్. బీసీఏ ఒక్కటే ఉంటే ఫారమే నింపలేం. పెద్ద కంపెనీలు బీసీఏ, బీఎస్సీ వాళ్లని విడిగా తీసుకుంటాయి గానీ జీతం తక్కువగా మొదలవుతుంది. విప్రోలో ఒక పద్ధతి ఉంది, బీసీఏ, బీఎస్సీ పిల్లల్ని ఉద్యోగంలోకి తీసుకుని, పనిచేస్తూ ఉండగానే ఎంటెక్ చదివిస్తుంది. మా షాపులో ఫారం నింపిన ఒక అమ్మాయి అలా వెళ్లింది. శని, ఆదివారాలు కూడా క్లాసులే అని వాళ్లమ్మ బాధ. బాధ సరే, లోను లేదు.

ఇంకో రెండు దారులున్నాయి, త్వరగా చెప్పేస్తాను. పదో తరగతి తర్వాతే పాలిటెక్నిక్‌లో చేరితే మూడేళ్ల డిప్లొమా, ఆపైన బీటెక్ రెండో ఏట్లోకి నేరుగా. రాయగడలో యూజీఎంఐటీ, బరంపురంలో యూసీపీ ఇంజనీరింగ్ స్కూలు, రెండూ ప్రభుత్వానివి. ఇల్లు గడవడం కష్టంగా ఉంటే ఇంతకంటే మంచి దారి లేదు. రెండోది, ఐఐటీ మద్రాస్ వాళ్ల ఆన్‌లైన్ బీఎస్ డేటా సైన్స్. జేఈఈ అక్కర్లేదు. నాలుగు వారాల పాఠాలు వినిపించి ఒక క్వాలిఫయర్ పరీక్ష పెడతారు, పాసైతే చేరొచ్చు. ఆదాయాన్ని, కులాన్ని బట్టి ఫీజులో 75 శాతం దాకా రాయితీ ఉంది. పాఠాలు ఇంట్లో, పరీక్షలు మాత్రం సెంటరుకి వెళ్లి రాయాలి, మనకి భువనేశ్వరో వైజాగో. ఇక్కడ బీఎస్సీ చదువుతూ పక్కన ఇది కూడా చేసే పిల్లలున్నారు. అదొక్కటే పెట్టుకుని ఇంట్లో కూర్చుంటానంటే మాత్రం ఆలోచించాలి. వర్షాకాలంలో మన కరెంటు, నెట్టు సంగతి మీకు తెలీనిదా? పైగా పద్దెనిమిదేళ్ల పిల్లాడు తెల్లారి తనంతట తాను లేచి పాఠం వింటాడనేది తల్లుల నమ్మకం మాత్రమే.

కాలేజీకి వెళ్లి చూడాల్సింది

బ్రోచరులో ఏముందో అందరూ చూస్తారు. నేను ల్యాబు చూడమంటాను. పోయిన ఏడు ఒక నాన్న, కూతురితో కలిసి నేనూ ఒక ప్రైవేటు కాలేజీకి వెళ్లాను. మంగళవారం, ఉదయం పదకొండు. సెలవు కాదు. కంప్యూటర్ ల్యాబుకి తాళం. అటెండరు బీరువాలోంచి తాళం తెచ్చి, రెండోసారికి తలుపు తీశాడు. లోపల నలభై సిస్టమ్‌లు, తళతళా మెరుస్తున్నాయి. కీబోర్డుల మీద ప్లాస్టిక్ కవర్లు అలాగే ఉన్నాయి. "కొత్తవి బాబూ, ఇంకా వాడలేదు" అన్నాడు గర్వంగా. గోడ మీద టైంటేబుల్ కిందటి ఏడాది ఆగస్టుది. ఆ పిల్ల నా వైపు చూసింది. ఏమీ అనలేదు.

తిరిగొచ్చేటప్పుడు గేటు బయట టీ కొట్టు దగ్గర సెకండియర్ కుర్రాళ్లని ఆ అమ్మాయే అడిగింది, వారానికి ల్యాబ్ ఎన్ని గంటలు అని. "పరీక్షల ముందు పెడతారక్కా" అన్నాడొకడు. గేటు లోపల గంటసేపు విన్నదాని కంటే ఆ ఒక్క ముక్క ఎక్కువ చెప్పింది.

ప్లేస్‌మెంట్ బోర్డు దగ్గరా అంతే. ఫొటోలు చూడకండి, ఎంతమంది పిల్లలు ఆ బ్యాచిలో ఉన్నారో అడగండి. వంద శాతం అంటే, రిజిస్టర్ చేసుకున్నవాళ్లలో వంద శాతమా, మొత్తం బ్యాచిలోనా? ఆఫర్లు ఎన్ని, చేరినవాళ్లు ఎందరు? ఒకే పిల్లాడికి మూడు ఆఫర్లొస్తే మూడుగా లెక్కేస్తారు. బీసీఏ పిల్లలకి వేరే బోర్డు ఉందా, లేక బీటెక్ వాళ్లదే చూపిస్తున్నారా? టెక్నికల్ కాలేజీలకి అనుమతులిచ్చే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ. ఆ అనుమతి ఉందో లేదో ఏఐసీటీఈ సైట్లోనే చూడొచ్చు. 2024-25 నుంచి బీసీఏ కూడా ఏఐసీటీఈ కిందికి వచ్చింది కాబట్టి దానికీ అడగండి.

ఆంధ్రా వైపు డీమ్డ్ యూనివర్సిటీల గురించి కూడా అడుగుతుంటారు, వైజాగ్ గీతం లాంటివి. వీటికి సొంత ప్రవేశ పరీక్షలు, ఈఏపీసెట్‌లో మనల్ని ఆపే లోకల్ లెక్క అడ్డు రాదు. డబ్బుంటే మంచిదే. రాయగడ నుంచి వైజాగ్ దగ్గర, భాష మనది. కానీ డబ్బుంటే అన్న మాట మర్చిపోవద్దు. పైన వేసిన ఈఎంఐ లెక్క అక్కడ ఇంకా పెద్దదవుతుంది.

ఒడియా సంగతి

తెలుగు ఇళ్లలో దీనిమీద గొడవలు నేను చూశాను, అయినా చెబుతాను. ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకి ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి. ఏడో తరగతి స్థాయిలో ఒడియా పాసై ఉండాలన్నది నియమం. జూనియర్ అసిస్టెంటు నుంచి పై పోస్టుల దాకా కంప్యూటర్ తెలిసిన పిల్లలకి ఇక్కడ చాలా నోటిఫికేషన్లు పడతాయి. బీటెక్ చదివి బెంగళూరులో రెండేళ్లు ఉండి, అమ్మానాన్నల కోసం వెనక్కి వద్దామనుకున్న మన పిల్లలు ఈ ఒక్క కాగితం లేక ఆగిపోతారు. ఇంట్లో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు, బజార్లో ఒడియా మాట్లాడే పిల్లకి చదవడం నేర్చుకోవడం రెండు వేసవుల పని. ఆంధ్రా వైపు వెళ్లే ఆలోచన ఉన్నవాళ్లు కూడా ఏడో తరగతి దాకా ఒడియా వదలకుండా చూసుకోండి.

ఇంతకీ ఆ ప్లాస్టిక్ కవర్ల ల్యాబు చూసి వచ్చిన అమ్మాయి. జేఈఈలో ర్యాంకు మరీ గొప్పది కాదు. ఓజేఈఈలో ప్రభుత్వ కాలేజీలన్నీ ముందు పెట్టింది, ఏ బ్రాంచి అయినా సరే అని కాకుండా, సీఎస్‌ఈ, ఐటీ, ఆపైన ఎలక్ట్రానిక్స్ వరకే. ప్రైవేటువి ఒక్కటీ పెట్టలేదు. పక్కనే శామ్స్‌లో బీఎస్సీ కంప్యూటర్ సైన్స్ ఫారం కూడా నింపాం. అక్కడ రాకపోతే ఇక్కడ. వాళ్ల నాన్న లోను ఫారం తీసుకెళ్దామని వచ్చినవాడు, ఫోల్డర్లోనే పెట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ రోజు సాయంత్రం ఆరింటికి ఛాయిస్ లాక్ చేద్దామంటే ఓటీపీ రాలేదు. చూస్తే ఫారంలో ఇచ్చిన నంబరు వాళ్ల మావయ్యది, ఆయన సిమ్ మార్చేశాడు. గడువు రాత్రి పన్నెండు. నంబరు మార్పించి, ఓటీపీ వచ్చి, లాక్ అయ్యేసరికి పదకొండు దాటింది. ఫారాల్లో అమ్మదో నాన్నదో, రోజూ జేబులో ఉండే ఫోను నంబరే ఇవ్వండి. మావయ్యది వద్దు, మా షాపుదీ వద్దు.